ఏ పంటకు, ఎన్ని పంపులకు?

పేపర్ల జిల్లా పేజీ తిప్పితే ఆ నాలుగు లైన్ల వార్త మీరు గూడ చూసే ఉంటరు. మనస్తాపంతో పురుగుల మందు తాగి అని మొదలయితది, చికిత్స పొందుతూ అని ఒడుస్తది. మధ్యల కారణం అని ఒక ముక్క, కడుపునొప్పి అనో, అప్పులనో, ఇంట్ల గొడవనో. ఆ డబ్బా ఎక్కడిది, ఆ పూట ఇంట్ల ఎందుకున్నది, దాని జాగల ఇంకో రకం మందు ఉండి ఉంటే ఆ మనిషి బతికేటోడా అన్న ముచ్చట ఎప్పుడన్న చదివిన్రా? నేనైతే చదవలే.

ఆ డబ్బాలు అమ్మేటోళ్లల్ల నేను ఒకన్ని. నర్సంపేట దిక్కు ఒక మండల సెంటర్ల మాది ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు, బాపు పెట్టిండు, ఇప్పుడు కౌంటర్ల ఎక్కువ నేనే కూసుంట. డాక్టర్లు దీన్ని ఒక తీరుగ చూస్తరు, లీడర్లు ఇంకో తీరుగ చూస్తరు, కౌంటర్ ఇవతల నుంచి చూసేటోనికి మాత్రం అన్నిటికంటే ముందు కనవడేది రాక్ల ఉన్న సీసానే. నేను రాసేది గూడ ఎక్కువ దాని గురించే.

మన వరంగల్ పేరు 1997-98ల పత్తి రైతుల చావులతోని దేశమంత పాకింది. లద్దె పురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా సావక, కొట్టిన మందుకు అప్పు మిగిలి, ఆఖరికి ఆ మందే తాగిన్రు. అప్పటినుంచి ఈ మాట ఎత్తితే చాలు అప్పు, గిట్టుబాటు ధర, నకిలీ విత్తనం. అవన్నీ అబద్ధమని ఎట్లంట, ఉద్దెర ఖాతా పుస్తకం మా దగ్గరనే ఉంటది కదా. మొన్న 2021-22ల మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చూసినం, ఒక్కొక్కరు వారానికి రెండు మాట్ల మందు కొట్టిన్రు, తోట మాత్రం దక్కలే. కానీ మందు తాగేటోళ్లందరు రైతులు కాదు, ఇది మనం ఒప్పుకోవాలె. సప్లీలు మిగిలిన పిల్లగాడు ఉంటడు, అత్తతోని మాట పడ్డ కోడలు ఉంటది, సాయంత్రం తాగొచ్చి పెండ్లాంతోని లొల్లి పెట్టుకున్నోడు ఉంటడు. వీళ్ల పేరు మీద పట్టా ఉండదు, అప్పు గూడ ఉండకపోవచ్చు, కానీ ఇంట్లనో బాయికాడనో డబ్బా మాత్రం ఉంటది. 2022ల దేశంల లక్షా 70 వేల మందికి పైన ఆత్మహత్య చేసుకున్నరని ఎన్‌సీఆర్‌బీ (దేశం మొత్తం నేరాల లెక్కలు రాసే కేంద్ర సంస్థ) లెక్క, అందుల దగ్గర దగ్గర నాలుగో వంతు విషం తాగిపోయినోళ్లే.

శ్రీలంకల అనురాధపురం దిక్కు డాక్టర్లు ఒక పని చేసిన్రు. మందు తాగి హాస్పిటల్ల పడి బతికినోళ్లను కూసోబెట్టి, ఇదే ఎందుకు తాగినవ్ అని అడిగిన్రు. నూటికి 85 మంది చెప్పింది ఒక్కటే, చేతికి అందింది కాబట్టి అని. సగానికి ఎక్కువ మంది సావాలె అనుకున్నంక అరగంట గూడ ఆగలేదట. అది చదివినప్పటినుంచి నా బుర్రల నుంచి పోతలేదు. మనమేమో ఏండ్ల తరబడి కుమిలి కుమిలి పోయిండు అనుకుంటం, బాధ ఏండ్లదే కావచ్చు, కానీ చెయ్యి లేసేది ఆ అరగంటల్నే. ఆ అరగంట దాటి బతికినోళ్లల్ల పదిమందికి తొమ్మిది మంది మళ్ల ఆ తొవ్వల పోయి చనిపోరు, ఇది చాలా దేశాలల్ల చూసిన మాట. "సావాలనుకున్నోడు ఎట్లన్న సస్తడు" అని రచ్చబండ మీద తేలిగ్గ అనేస్తరు చూడు, అది తప్పు మాట, లెక్కలల్ల నిలవడని మాట.

ఇగ ఆ డబ్బా ఎక్కడ ఉంటదో మీకు చెప్పాల్నా. మోటరు రూముల స్టార్టర్ డబ్బా మీద, పశువుల కొట్టంల గోడ గూట్ల, బాత్రూం సజ్జ మీద షాంపూల పక్కన, మంచం కింద పాత గోనె సంచిల. నిండు డబ్బా కంటే సగం వాడిన డబ్బానే ఎక్కువ. ఎందుకంటే రైతు మూడు రకాల మందులు కలిపి కొడుతడు, పంపుకు, అంటే వీపున ఏసుకునే స్ప్రేయర్‌కు, ఇంత పోస్తడు, అడుగున మిగులుతది, పారబోయబుద్ధి కాదు, పైసలు పెట్టి కొన్నది కదా. ఇంకొకటి, పక్కింటాయన "కొంచెం పోయవా, నాకు రెండు పంపులకు సరిపోతే చాలు" అంటడు, ఈయన కూల్‌డ్రింక్ సీసాల పోసి ఇస్తడు. దయచేసి ఆ పని చెయ్యకున్రి. 2013 జులైల బీహార్ల గండామన్ అనే ఊర్లె బడి అన్నం తిని 23 మంది పిల్లలు పోయిన్రు, వంటనూనెల పురుగుమందు కలిసి. అది ఆత్మహత్య కాదు, కానీ మందును తిండి సామాను కాడికి రానిస్తే ఏమయితదో దానికంటే పెద్ద సాక్ష్యం అక్కర్లే.

ఇక్కడ ఒక మాట. ఏ మందు ఎంత విషం, ఏది తాగితే ఏమయితది అన్న లిస్టు నేను రాయను, కావాలనే రాస్తలేను, కామెంట్లల్ల అడిగినా చెప్పను. మీరు చదివేటోళ్లల్ల ఎవరికన్న ఇప్పుడు మనసు అట్లాంటి తొవ్వల పోతుంటే 14416కు ఫోన్ చెయ్యిన్రి, టెలీ మానస్ అంటరు, పైసలు పడవు, రాత్రి ఏ జాముకైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు. ఫోన్ల మాట్లాడబుద్ధి కాకపోతే కనీసం ఒంటరిగ ఉండకున్రి, ఎవరింటికన్న పోయి కూసోన్రి.

సరే, శ్రీలంక ముచ్చటకు వస్త. 1995 నాటికి ఆ దేశంల ఆత్మహత్యలు లక్ష మందికి 47 దాకా ఉండె, ప్రపంచంల అందరికంటే పైన ఉన్న దేశాలల్ల అదొకటి. వాళ్లు 1984ల పారాథియాన్ లాంటివి తీసేసిన్రు, 1995ల మిగిలిన అతి విషం మందులు ఆపిన్రు, 1998ల ఎండోసల్ఫాన్, 2008 నుంచి 2011 లోపు ఇంకో మూడు. ఇరవై ఏండ్లల్ల ఆత్మహత్యల రేటు 70 శాతం పడిపోయింది. మందు తాగినోళ్ల సంఖ్య గాదు పడిపోయింది, తాగి సచ్చినోళ్ల సంఖ్య. గొడవలు అట్లనే ఉన్నయి, అప్పులు అట్లనే ఉన్నయి, మధ్యల యుద్ధం గూడ ఉండె, జనం మందు తాగుడు గూడ ఒక్కసారి ఆగలే. కాకపోతే చేతికి దొరికిన సీసాల విషం తక్కువ, హాస్పిటల్ దాకా పానం నిలిచింది. 1995 నుంచి 2015 దాకా 93 వేల పానాలు దక్కినయని లెక్క కట్టిన్రు. బంగ్లాదేశ్ల అదే జరిగింది. దక్షిణ కొరియాల ఒక గడ్డి మందును 2011-12ల ఆపితే రెండేండ్లల్ల మందు తాగి చనిపోయేటోళ్లు సగానికి తగ్గిన్రు.

ఇది చెప్తే మా తోటి డీలర్లు వెంటనే అనేది ఒకటుంది, "శ్రీలంకల మందులు బంద్ పెడితే దేశమే దివాలా తీసింది, తెల్వదా?" అని. రెండూ కలపకున్రి భయ్. 2021ల వాళ్ల ప్రెసిడెంటు రాత్రికి రాత్రి యూరియాతో సహా రసాయనాలన్నీ బంద్ అన్నడు, వరి కూలింది, టీ తోటలు ఆగమయినయి, ఆ ఏడాది లోపల్నే వాపసు తీసుకున్నడు. నేను చెప్పేది దానికి ముందటి ముప్పై ఏండ్ల పని, ఒక్కొక్క మందును చూసి, దాని జాగల ఏది కొట్టచ్చో చూసి, మెల్లగ తీసేసుడు. ఆ ముప్పై ఏండ్లల్ల ఈ నిషేధాల వల్ల దిగుబడి పడిపోయిందని ఎక్కడ తేలలేదు. పురుగును సంపుటానికి మనిషిని సంపేంత విషం అక్కర లేదన్నది మా కంపెనీల రిప్రజెంటేటివులకే మంచిగ తెలుసు, కొత్త మందులు అమ్మెటప్పుడు వాళ్లే చెప్తరు.

తాళం పెట్టెల సంగతి ఇంకా చిత్రం. నాకు గూడ ముందు అదే బెస్ట్ అనిపించింది, ఇంటికో పెట్టె ఇస్తే, తాళం ఏస్తే అయిపోతది కదా అని. అదే శ్రీలంకల 180 ఊర్లల్ల, 53 వేల ఇండ్లు పైన తీసుకుని, సగం ఊర్లకు పెట్టెలిచ్చి సగం ఊర్లకు ఇయ్యకుండ ఏండ్లపాటు చూసిన్రు. 2017ల లాన్సెట్ అనే వైద్య పత్రికల వచ్చింది రిజల్ట్, ఏం తేడా లేదు. ఎందుకంటే అని మా ఇంట్ల తాళాలనే చూసి నేను అనుకునేది, తాళంచెవి ఎక్కడుంటది, పెట్టె పైన మేకుకే. పైగా కోపమొచ్చిన మొగోడే తాళంచెవి ఉన్నోడు. మన దగ్గర ఎవరన్న ఎన్‌జీఓ వాళ్లో లీడరో పెట్టెలు పంచుతమని ఫ్లెక్సీ కడితే మెచ్చుకునేముందు ఇది గుర్తుంచుకోన్రి. పిల్లలు పొరపాటున ముట్టకుండ పెట్టె మంచిదే, పెట్టుకోన్రి, కానీ దాని మీద భరోసా పెట్టి అసలు పని ఆపొద్దు.

తమిళనాడుల కాట్టుమన్నార్కోయిల్ దగ్గర ఇంకో తీరు చేసిన్రు, ఆత్మహత్యలు ఆపే పని చేసే చెన్నై స్నేహ సంస్థ లక్ష్మీ విజయకుమార్ మేడం వాళ్లు. ఊరు మొత్తానికి ఒక గది, అందుల బ్యాంకు లాకర్ల లెక్క అరలు, రైతు తన మందు అక్కడ పెట్టుకుని, కొట్టే పొద్దు తీసుకుపోవాలె. చిన్న ట్రయలే, కానీ ఆ ఊర్లల్ల మందు చావులు తగ్గినయి. ఇది నాకు మన తెలంగాణకు మస్తు సూటయ్యేటట్టు అనిపిస్తది, ఎందుకంటే గది కట్టే పని లేదు. మనకు 2,601 రైతు వేదికలున్నయి, రైతుల మీటింగులకు 2020 నుంచి కట్టిన హాళ్లు, దగ్గర దగ్గర ఐదు వేల ఎకరాలకు ఒకటి, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉంటడు. ఎక్కువ దినాలు ఖాళీగనే కనవడుతయి. ఒక మూలకు ఇనుప బీరువాలు పెట్టి, కిటికీ గాలి చూసుకుని, ఒక రిజిస్టర్ పెడితే అయిపాయె. అడ్డంకులు లేవని అనను. పొద్దుగాల ఐదింటికి మందు కొట్టుటానికి పోయేటోనికి తాళం ఎవరు తీయాలె? మూడు కిలోమీటర్ల అవతల తండా నుంచి ఎవరస్తరు? ఊరి సమభావన సంఘం అక్కలకు తాళం అప్పజెప్పి, నెలకు ఇంత అని ఇస్తే నడుస్తదని నా ఆలోచన. ఏఈఓ మీదనే అన్నీ ఏస్తే ఆయనకు పంట నమోదుకే టైం సాలుతలేదు.

టెక్నాలజీ అంటే అందరు యాప్ అంటరు. యాప్ కంటే ముందు ఒక చిన్న ప్రశ్న, యూరియా బస్తా కొనాల్నంటే ఆధార్ చెప్పి మిషన్ మీద వేలిముద్ర పెట్టాలె, బస్తా లెక్క సర్కారు సర్వర్ల పడుతది. పురుగుమందు డబ్బాకు మాత్రం అంతా నా బిల్లు బుక్కు, నా స్టాకు రిజిస్టరు. పంట మీద చల్లే ఎరువుకున్న పహారా మనిషి పానం తీసే సీసాకు లేకపాయె. అదే మిషన్ల మందును గూడ పెడితే ఏ మండలంల ఏ మందు ఎంత పోతుందో తెలుస్తది, హాస్పిటల్ల ఏ మందు కేసులు ఎక్కువస్తున్నయో పక్కన పెట్టి చూస్తే ఏది ఆపాల్నో కండ్ల ముందే కనవడతది. ఈ రెండు లెక్కలు ఒక్కదగ్గర కలిపి చూసెటోడు లేడు, అసలు కత అక్కడనే ఆగింది.

డ్రోన్ల మీద గూడ నాకు ఆశ ఉంది, అందరు చెప్పే కారణానికి కాదు. మా దిక్కు వరికి డ్రోన్ కొట్టిపిచ్చుకుంటున్నరు, ఎకరానికి ఇంత అని. కొట్టేటోడే మందు తెచ్చుకుని, కొట్టి, మిగిలింది తనే తీసుకుపోతే ఆ ఇంట్ల డబ్బానే ఉండదు. ఇప్పుడైతే ఎక్కువమంది రైతే మందు కొనిచ్చి డ్రోన్ కిరాయి ఇస్తున్నడు, ఆ పద్ధతి తిప్పితే చాలు.

ఇగ మా షాపు సంగతి. బాపుకు ఈ స్టడీలు ఏం తెల్వయి, కానీ ఆయనకు ఒక అలవాటుండె. ఎవరొచ్చి మందు అడిగినా రాక్ దిక్కు చూడకముందే "ఏ పంటకు? పురుగు ఎట్లున్నది? ఎన్ని పంపులకు?" అనేటోడు. రైతు అయితే టక్కున చెప్తడు, ఆకు గూడ కవర్ల పెట్టి తెస్తడు. ఒకసారి, నేను ఇంటర్ల ఉన్నప్పుడు, షట్టర్ సగం దించినంక ఒక పిల్లగాడు వచ్చిండు, పక్క ఊరోడే, పేరు చెప్పి మందు అడిగిండు. "ఏ పంటకు తమ్మీ?" అంటే పత్తికి అన్నడు. ఎండకాలం, చేన్ల పత్తి కట్టె గూడ లేదు. బాపు ఏం గద్దిరియ్యలే, ఆ మందు స్టాకు లేదు పొద్దుగాల రా, కూసో ముందు చాయ్ తాగుదాం అని, నన్ను చాయ్‌కి పంపి, ఆ పిల్లగాని కాకకు ఫోన్ చేసిండు, మా ఖాతా ఉన్నాయనే. ఆ కాక బండి మీద వచ్చేదాకా బాపు వానల గురించి, బర్రెల గురించి ఏందేందో మాట్లాడుకుంట కూసున్నడు. ఆ పిల్లగాడు చాయ్ తాగలే, గ్లాసు అట్లనే పట్టుకున్నడు, మీద మీగడ కట్టింది. ఏమైందిరా అని ఎవరు అడగలే ఆడ. తర్వాత ఆయన హైదరాబాద్ పోయి పనిల పడ్డడు, బతుకమ్మకు వస్తడు.

ఆ మూడు ప్రశ్నలకు ఒక్క పైస ఖర్చు లేదు. లైసెన్స్ కోసం డీలర్లకు ఏడాది డిప్లొమా ఉంటది కదా, అట్లాంటి దాంట్ల దీని మీద ఒక పూట గట్టిగ చెప్పాలె. పంట చెప్పలేనోనికి, తాగి వచ్చినోనికి, ఏడ్చిన మొఖంతోని వచ్చినోనికి ఆ పూట అమ్మొద్దు. ఎట్ల వద్దనాల్నో గూడ నేర్పాలె, "నీకు అమ్మను పో" అంటే కొట్లాట అయితది, "స్టాకు లేదు, పొద్దుగాల రా" అంటే ఏం గాదు. కానీ ఇది గూడ ఒక చివరి అడ్డే అనుకోన్రి, ఎందుకంటే కొత్తగ కొని తాగేటోళ్ల కంటే ఇంట్ల ఉన్నది తాగేటోళ్లే ఎక్కువ.

అసలు మందే లేకుండ చేసిన ఊర్లు మన దగ్గరనే ఉన్నయి. ఖమ్మం దిక్కు పునుకుల, మన పాత వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామల లింగాలఘణపురం మండలం ఏనబావి. వేప కషాయం, పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు, పురుగును తన దిక్కు గుంజే ఎర పంటలతోని ఎవుసం చేసి చూపిచ్చిన్రు. అప్పటి ఆంధ్రప్రదేశ్ల మందు మానేసిన కొన్ని ఊర్లను లక్ష్మీ విజయకుమార్ వాళ్లే పోయి చూసిన్రు, మానకముందు ఆ ఊర్లల్ల 14 ఆత్మహత్యలు, మానినంక మూడు. చిన్న లెక్కనే, కాలం గూడ ఒక్కతీరు కాదు, దాన్ని పట్టుకుని ఊగిపోవద్దు. మందులమ్మేటోన్ని నేనే ఇది రాస్తున్న అంటే నవ్వుతరేమో, నవ్వున్రి.

ఎవరన్న తాగిన్రని తెలిస్తే చెయ్యాల్సింది, చెయ్యకూడనిది. ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, పేడ నీళ్లు తాపకున్రి, వాంతి చేపిచ్చుడు డాక్టర్లు వద్దంటరు, అది ఊపిరితిత్తులల్లకు పోతే ఇంకా ముప్పు. 108 కొట్టున్రి. మందు పడ్డ బట్టలు ఇప్పి ఒళ్లు నీళ్లతోని కడుగున్రి, మీ చేతులకు కవరన్న చుట్టుకోన్రి, ఎడమ పక్కకు పండబెట్టున్రి. అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బా వెంట తీసుకపోన్రి, లేకుంటే లేబుల్ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యిన్రి, దాని మీద మందు పేరు, విరుగుడు రాసి ఉంటది, డాక్టర్‌కు సగం టైం మిగులుతది. పురుగుమందుకు ఒక తీరు వైద్యం, గడ్డి మందుకు వేరే తీరు. మన దగ్గర ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి రావాల్నంటే వంద కిలోమీటర్లు, అందుకే దగ్గరి పీహెచ్‌సీల అట్రోపిన్ (కొన్ని పురుగుమందులకు విరుగుడు) ఉన్నదా లేదా అన్నది ఊరోళ్లు ముందే అడిగి పెట్టుకోవాలె.

అబద్ధం మాత్రం చెప్పకున్రి. పోలీస్ కేసయితదని భయపడి "మందు కొడుతుంటే గాలికి తగిలింది", "నీళ్లనుకొని తాగిండు" అంటరు, డాక్టర్ దాన్ని బట్టి లెక్క ఏసుకుంటడు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్టు 115 సెక్షన్ ప్రకారం బతికినోన్ని ఒత్తిడిల చేసిండనే అనుకోవాలె, శిక్ష ఉండదు, పైగా ట్రీట్‌మెంట్ ఇప్పిచ్చుడు సర్కారు బాధ్యత. హాస్పిటల్ల పేపర్ రాసుకున్నంత మాత్రాన జైలు కాదు.

ఇగ నిషేధాల మాట. మన దగ్గర 2018ల 18 మందుల మీద నిషేధం ఆర్డర్ వచ్చింది, 2023ల మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్ అనే పురుగుమందును గూడ నిషేధించిన్రు, అది కూరగాయల మీద కొట్టొద్దని 2005లనే చెప్పిన్రు, అయినా ఎన్నేండ్లు పట్టిందో చూడున్రి. 1968 నాటి ఇన్సెక్టిసైడ్స్ యాక్టుల (పురుగుమందుల చట్టంల) రాష్ట్రానికి ఉన్న చెయ్యి చిన్నది, 27వ సెక్షన్ కింద 60 రోజులు ఆపచ్చు, ఇంకో 30 పెంచచ్చు, ఆ మీద అంతా ఢిల్లీనే. కేరళ 2011ల అయినా తెగించి కొన్ని మందులు ఆపింది. 60 రోజులంటే మాకు ఒక పంటల రెండు కొట్టుళ్లు, ఆ తర్వాత అదే డబ్బా అదే రాక్ల.

నేను కొన్నిటిని తెప్పిచ్చుడు మానేసిన. పక్క షాపాయన నవ్వుతడు, "నువ్వు అమ్మకపోతే నా దగ్గర కొంటరు పో" అని, ఆయన అన్నది నిజమే, పోయినేడు మా ఖాతా రైతులే ఇద్దరు ముగ్గురు ఆయన దగ్గరికే పోయిన్రు. ఒక్క షాపు మానితే ఏం కాదు, మండలంల అందరు మానాలె, లేకుంటే పైనుంచి ఆపాలె. మా డీలర్ల గ్రూపుల ఈ మాట పెడితే సగం మంది నీలి టిక్కు పెట్టి ఊకున్నరు, పర్కాల ఆయన ఒకాయన మాత్రం ఫోన్ చేసి "సీజన్ కంటే ముందు కూసోని మాట్లాడుదాం, ముందు తక్కువ విషంవి ఏ కంపెనీ ఎంత మార్జిన్ ఇస్తదో లిస్టు తియ్యి" అన్నడు. మార్జిన్ దగ్గరే ఆగుతది కదా ఏదైనా, ఆ లిస్టే ఇప్పుడు తయారు చేస్తున్న. మీరు గూడ డీలర్లయితే, లేకుంటే మీ ఊరి రైతు వేదికల బీరువా పెట్టుటానికి ఏఈఓ సరే అంటే, కింద రాయున్రి.